మా పక్క ఊరి అబ్బాయే ప్రాజెక్టులో కాపీ కొట్టాడు, గైడ్‌కి చెప్పమంటారా?

ప్రశ్న

మేడమ్ గారికి నమస్తే. మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. బెంగళూరులో ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. వేరుశనగ ఆకు ఫోటో తీస్తే తెగులు ఏదో చెప్పే యాప్ మా ప్రాజెక్టు. బ్యాచ్‌లో నలుగురం: నేను, మా పక్క ఊరి అబ్బాయి, మైసూరు అమ్మాయి, కేరళ అబ్బాయి. పోయిన ఖరీఫ్‌లో మా నాన్న చేలోనూ చుట్టుపక్కల చేలల్లోనూ తిరిగి నేను, మైసూరు అమ్మాయి దాదాపు రెండు వేల ఫోటోలు తీశాం. కోడ్, రిజల్ట్స్ చాప్టర్ మా పక్క ఊరి అబ్బాయి తీసుకున్నాడు.

మొన్న రిపోర్ట్ అలైన్‌మెంట్ చేస్తుంటే నాలుగో చాప్టర్ టేబుల్‌లో ఒకచోట టమాటా అని కనిపించింది. వెతికితే వేరే కాలేజీ స్టూడెంట్ గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ కనబడేలా పెట్టుకునే సైట్) పెట్టిన ప్రాజెక్ట్ దొరికింది. కోడ్ అదే, వేరియబుల్ పేర్లు మార్చాడంతే. రిపోర్ట్‌లో పేజీలకు పేజీలు అవే. 98 శాతం యాక్యురసీ (నూటికి ఎన్ని ఫోటోలకు సరిగ్గా చెప్పిందన్న లెక్క) కూడా అక్కడిదే. వాట్సాప్‌లో అడిగితే, "అందరూ చేసేదే, పారాఫ్రేజ్ టూల్‌లో వేస్తా, సిమిలారిటీ పది లోపలే వస్తుంది, నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. వాడికి ప్లేస్‌మెంట్ వచ్చింది. ఒక బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్ట్) ఉంది. ఇంట్లో అప్పులున్నాయి. మా అమ్మేమో "మనవాడు కదా, ఒకరి పొట్ట కొట్టొద్దు" అంటోంది. మిగతా ఇద్దరికీ ఇంకా చెప్పలేదు. తెలుగువాళ్లంతా ఇంతే అనుకుంటారేమోనని సిగ్గుగా ఉంది.

ఇంకో సంగతి. రెండో చాప్టర్‌లో నేను కూడా ఒక పేపర్‌లోంచి రెండు పేరాలు తీసుకుని అక్కడక్కడా మాటలు మార్చి పెట్టాను. మరి వాడిని అడిగే హక్కు నాకుందా? సబ్మిషన్‌కి ఇంకా పన్నెండు రోజులుంది.

ఒక విద్యార్థిని, బెంగళూరు

జవాబు

అమ్మా, నీకు మా పిల్లల వయసు ఉంటుంది, అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

సూటిగా మొదలుపెడతాను. ఆ పేజీలు మారకుండా రిపోర్ట్‌లోని డిక్లరేషన్ మీద సంతకం పెట్టొద్దు. గైడ్ దగ్గరికి వెళ్లేముందు ఆ అబ్బాయితో ఎదురుగా కూర్చుని మాట్లాడు. గడువు పెట్టు. సరిచేసుకోవడానికి నువ్వు కూడా సాయం చెయ్యి. గడువు దాటినా కదలకపోతే గైడ్‌కి చెప్పు. పన్నెండు రోజులంటే తక్కువేం కాదు. మీ దగ్గర సొంత ఫోటోలున్నాయి, పంటను చూసిన కళ్లున్నాయి. చాలామంది బ్యాచ్‌లకు ఆ రెండూ ఉండవు.

మీరందరూ కాపీ గురించి మాట్లాడుకుంటున్నారు గానీ, నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ 98 శాతం. ఇంకొకరి కోడ్ తీసుకోవడం ఒక తప్పు. ఇంకొకరికి టమాటా మీద వచ్చిన ఫలితాన్ని మీ వేరుశనగ మీద వచ్చిందని రాయడం దానికంటే చాలా పెద్ద తప్పు. మొదటిది ఆ గిట్‌హబ్ విద్యార్థికి చేసిన అన్యాయం. రెండోది ఆ అంకెను నమ్మే ప్రతివాళ్లకూ చెప్పిన అబద్ధం.

టమాటా అనే మాట ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో ఊహించగలను. ఆకు తెగుళ్ల ప్రాజెక్టులు చేసే పిల్లల్లో ఎక్కువమంది ప్లాంట్‌విలేజ్ అనే ఫోటోల సెట్ వాడతారు. అందులో 54,306 ఫోటోలు, 14 పంటలు, 38 తరగతులు (ఏ పంటకు ఏ తెగులు అన్న రకాలు) ఉన్నాయి. యాపిల్, ద్రాక్ష, మొక్కజొన్న, బంగాళాదుంప, టమాటా ఉన్నాయి. వేరుశనగ లేదు. ఆ సెట్ మీద 2016లో వచ్చిన పేరున్న పేపర్‌లో యాక్యురసీ 99.35 శాతం. అయితే అదే పేపర్‌లో, వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇచ్చి చూస్తే 31 శాతానికి కాస్త పైన ఆగిపోయిందని ఆ రచయితలే రాశారు. కారణం అర్థమయ్యేదే. సెట్‌లోని ఫోటోలు ఆకును కోసి ఒకే రంగు నేపథ్యం మీద పెట్టి తీసినవి. మీ నాన్నగారి చేలో ఆకు అలా ఉండదు కదా. సగం ఎండ, సగం నీడ, పైన మట్టి, పక్క ఆకు అడ్డం, ఒకే ఆకు మీద తిక్క ఆకుమచ్చ తెగులూ తుప్పు తెగులూ రెండూ.

కాబట్టి మీ ఫోటోల మీద నిజంగా 70 శాతమే వస్తే, ఆ 70కి అరువు తెచ్చుకున్న 98 కంటే విలువ ఎక్కువ. నేను బెంగళూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలా ఏళ్లు పాఠం చెప్పాను, వైవాలకు (నోటి పరీక్షలకు) ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటినుంచి వచ్చే పరీక్షకురాలిగా, కూర్చున్నాను. 98, 99 అని రాసుకొచ్చిన రిపోర్టులు చూసీ చూసీ విసుగొస్తుంది. ఒక అమ్మాయి వచ్చి "మాకు 70 వచ్చింది సార్, ముందుగా వచ్చే ఆకుమచ్చకీ ఆలస్యంగా వచ్చేదానికీ మోడల్ తేడా పట్టలేకపోతోంది, ఆకు అడుగుభాగం ఫోటోలు మా దగ్గర తక్కువ" అని చెబితే ఎక్స్‌టర్నల్ పెన్ను కింద పెట్టి వింటాడు. పైన చూస్తే పసుపు వలయం, అడుగున చూస్తే నల్లటి మచ్చ, ఈ తేడా నీకు ఇంటి దగ్గరే తెలుసు. గిట్‌హబ్‌లో దొరికేది కాదు.

మీ అమ్మ "పొట్ట కొట్టొద్దు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఎవరి పొట్ట అని కూడా చూడాలి. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను కాండం కుళ్లు అనే వైరస్ తెగులు ఊడ్చిపెట్టింది. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. మీ నాన్నగారిని అడుగు, ఆ ఏడాది గురించి చెబుతారు. వైరస్ తెగులును ఆకుమచ్చ అనుకుని శిలీంధ్రాల మందు కొడితే ఆ డబ్బు మట్టిలో పోసినట్టే. రేపు మీ యాప్‌ను ఎవరో జూనియర్ తీసుకుని ఇంకొంచెం పెంచుతాడు. ఇంకెవరో ఊళ్లో రైతులకు ఇస్తారు. మొదట్లో రాసిన 98 అలాగే వెంట వస్తుంది. నమ్మి మందు కొనేది మీ ఊరివాళ్లే.

ఇక సంతకం సంగతి. ప్రాజెక్ట్ రిపోర్ట్ మొదట్లో, సర్టిఫికెట్ తర్వాత, ఒక డిక్లరేషన్ పేజీ ఉంటుంది. ఈ పని మేమే చేశాం అని నలుగురూ కలిసి రాసే పేజీ అది. చాలామంది పిల్లలు దాన్ని సీనియర్ల రిపోర్ట్‌లోంచి తీసి పేర్లు మార్చి పెడతారు, చదవను కూడా చదవరు. ఈసారి నువ్వు చదువు. "నా చాప్టర్ నేనే రాశాను" అని అందులో ఉండదు. మొత్తం పని గురించి నలుగురూ కలిసి చెబుతున్న మాట అది. నాలుగో చాప్టర్ సంగతి తెలిసి సంతకం పెడితే, ఇక ఆ అబ్బాయి చేసిన పనికి నువ్వు కూడా పూచీ పడ్డట్టే.

ఇది చిన్నవాళ్లకు మాత్రమే ఎదురయ్యే ఇబ్బంది కాదు. మీ బెంగళూరులోనే జరిగింది చెబుతాను. 2011లో అడ్వాన్స్‌డ్ మెటీరియల్స్ అనే అంతర్జాతీయ పత్రికలో గ్రాఫీన్ మీద ఒక పేపర్ వచ్చింది. రచయితల్లో ప్రముఖ రసాయన శాస్త్రవేత్త సీఎన్‌ఆర్ రావుగారు ఒకరు. తర్వాత రెండేళ్లకు భారతరత్న ప్రకటించింది ఆయనకే. ఆ పేపర్ ఉపోద్ఘాతంలో కొన్ని వాక్యాలు వేరే వాళ్ల పేపర్‌లోంచి ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఆ వాక్యాలు పెట్టింది జట్టులోని పరిశోధక విద్యార్థి అని తర్వాత చెప్పారు. ప్రయోగ ఫలితాల మీద ఎవరికీ అనుమానం లేదు. కాపీ అయింది కొద్ది వాక్యాలే. అయినా పత్రికలో రచయితల తరఫున క్షమాపణ అచ్చయింది. 2012 ఫిబ్రవరిలో దేశమంతా పేపర్లలో ఎక్కిన పేరు మాత్రం రావుగారిది. కలిసి సంతకం పెట్టిన చోట, రాసింది ఎవరని లోకం విడదీసి చూడదు. పేపర్ మీద ఎవరి పేరుంటే వాళ్లను అడుగుతుంది.

"పది లోపల వస్తే చాలు" అన్న మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి. హాస్టళ్లలో దీని మీద చాలా తప్పుడు నమ్మకాలు తిరుగుతున్నాయి. యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ యూజీసీ 2018లో ప్లేజియరిజం, అంటే కాపీ రాతల మీద నిబంధనలు తెచ్చింది. అందులో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లలకు గుర్తుండేది ఇంతే. అయితే ఈ లెక్క పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకు, అచ్చయ్యే పేపర్లకు సంబంధించింది. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు ఇందులోకి రావని ఆ నిబంధనల్లోనే ఉంది. అంటే మీ బీటెక్, బీఈ రిపోర్ట్‌కు వర్తించేది మీ యూనివర్సిటీ, మీ కాలేజీ పెట్టుకున్న రూల్. అది 10 కావచ్చు, 20 కావచ్చు, కాపీ అని తేలితే శాతంతో పనిలేకుండా ప్రాజెక్ట్ మళ్లీ చేయమనవచ్చు. ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ దగ్గర గైడ్‌లైన్స్ కాగితం అడిగి తీసుకో. సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

ఇంకా ముఖ్యమైంది, సిమిలారిటీ శాతం అంటే తీర్పు కాదు. ఇక్కడి మాటలు ఇంకెక్కడ కలిశాయో చూపించే లెక్క అది. రెఫరెన్సులు సరిగ్గా పెట్టిన మంచి రిపోర్ట్‌కు 15 రావచ్చు. పూర్తిగా దొంగిలించిన రిపోర్ట్‌కు 4 రావచ్చు, ఎందుకంటే ఫోటోగా అతికించిన గ్రాఫ్‌నూ టేబుల్‌నూ ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా చదవదు. పారాఫ్రేజ్ టూల్ మాటలు మారుస్తుంది. ఆలోచన, వరస, అంకెలు అన్నీ అవతలివాళ్లవే ఉంటాయి. చాట్‌జీపీటీతో రాయించినా అంతే. పైగా అలా మార్చిన ఇంగ్లీషు చదివితే అనుభవమున్న గైడ్‌కు వెంటనే తెలిసిపోతుంది. సాంకేతిక పదాలను కూడా టూల్ మార్చి పారేస్తుంది, "రాండమ్ ఫారెస్ట్" అనే లెక్కకట్టే పద్ధతి పేరు కాస్తా ఏదో అడవి అయి కూర్చుంటుంది.

వేరియబుల్ పేర్లు మార్చడం కూడా అలాంటిదే. కోడ్‌లో పోలికలు వెతకడానికి మోస్ అనే పనిముట్టు 1994 నుంచీ ఉంది. అది పేర్లను పట్టించుకోదు, కోడ్ అల్లిక చూస్తుంది. ఇది నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. పట్టుబడతామా లేదా అన్న లెక్కలో ఆ అబ్బాయి ఉన్నాడు. ఆ లెక్క కూడా అతను అనుకున్నంత ధైర్యమిచ్చేది కాదని అతనికి తెలియాలి.

అయితే మాట్లాడే ముందు నువ్వు ఒకటి ఖాయం చేసుకో. అన్నీ చూడకుండా కాపీ అనేయడం కూడా అన్యాయమే. అతను నిజంగా మీ ఫోటోలతోనే మోడల్‌ను ట్రెయిన్ చేసి (నేర్పించి), రిపోర్ట్ మాత్రం పాతది అతికించి ఉండవచ్చు. అతను ఇచ్చిన మోడల్ ఫైల్ తెరిచి చివరి లేయర్‌లో ఎన్ని అవుట్‌పుట్లు ఉన్నాయో చూడు, ఒక్కో తరగతికి ఒక్కోటి ఉంటుంది. ప్లాంట్‌విలేజ్‌లో టమాటాకు ఆరోగ్యంగా ఉన్న ఆకుతో కలిపి 10 తరగతులు. మీరు వేరుశనగకు పెట్టుకున్నవి నాలుగో ఐదో ఉంటాయి. 10 కనిపిస్తే మీ పంట దాన్ని తాకనే లేదన్నమాట. తర్వాత గిట్‌హబ్ రిపో (ఆ ప్రాజెక్ట్ కోడ్ దాచిన చోటు) చివరి మార్పు తేదీ, మీ రిపోలో కమిట్‌లు (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న నమోదులు), గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ చూసి పెట్టుకో. ఏ పేరా ఎవరు ఏ రోజు అతికించారో అందులో కనబడుతుంది. స్క్రీన్‌షాట్లు నీ దగ్గరే ఉంచుకో. క్లాస్ గ్రూప్‌లో పెట్టొద్దు, రూమ్‌మేట్‌కు కూడా పంపొద్దు. ఒక్కసారి బయటికి వెళ్లాక అవి నీ చేతిలో ఉండవు, ఆ కుర్రాడి పేరు ఏ మూలకు పాకుతుందో చెప్పలేం.

హక్కు గురించి అడిగావు. ఉంది. కానీ నీ రెండు పేరాలు ఇవాళే సరిచెయ్యి. అక్కడక్కడా మాటలు మార్చి పెట్టడం కూడా కాపీయే, తక్కువ కాపీ అంతే. ఆ పేపర్‌ను ఇంకోసారి చదివి, మూసేసి, నీకు అర్థమైంది నాలుగు వాక్యాల్లో రాసి, కింద రెఫరెన్స్ పెట్టు. గంట పట్టదు. ఆ తర్వాతే అతని దగ్గరికి వెళ్లు, వెళ్లగానే ముందు అదే చెప్పు. దానివల్ల నీ మాటకు బలం వస్తుంది, అతనికీ తలవంపులు తగ్గుతాయి. "నువ్వు దొంగవి" అని ఎదురుగా నిలబడటం వేరు, "నాదీ సరిగ్గా లేదు, మార్చుకున్నాను, నీదీ మార్చుదాం" అని పక్కన కూర్చోవడం వేరు.

ఎక్కడ మాట్లాడాలన్నది కూడా ఆలోచించు. శనివారం మెజెస్టిక్‌లో హిందూపురం బస్ ఎక్కాక పక్క సీట్లో కూర్చుని మొదలుపెట్టొద్దు. మాట పెరిగితే వంద కిలోమీటర్లు ఇద్దరూ లేచి వెళ్లడానికి ఉండదు, దిగేసరికి రెండు ఇళ్లకూ తెలిసిపోతుంది. కాలేజీ దగ్గర ఎక్కడైనా, మిగతావాళ్లు లేని చోట, ఒక అరగంట. వాట్సాప్ వద్దు. వాట్సాప్‌లో మనిషి తప్పు ఒప్పుకోడు, జవాబు వెతుక్కుంటాడు.

మాటలు నీవే వాడుకో, కానీ ఇలా ఉంటే బాగుంటుంది:

"రెండో చాప్టర్‌లో నావి రెండు పేరాలు కాపీ ఉన్నాయి, నిన్న మార్చేశాను. నాలుగో చాప్టర్‌లో నంబర్లు మనవి కావు, ఆ గిట్‌హబ్ రిపో నేను చూశాను. మోడల్ మన ఫోటోల మీద రన్ కాలేదు. దాన్ని నా పేరుతో ఇవ్వడం నా వల్ల కాదు. సోమవారం లోపల మళ్లీ రన్ చేద్దాం, నేను నీతో కూర్చుంటాను. ఎంత వస్తే అంతే రాద్దాం. నీకు ఇష్టం లేదంటే మంగళవారం గైడ్‌ని కలుస్తాను. నీకు చెప్పకుండా మాత్రం వెళ్లను."

చివరి వాక్యం తప్పకుండా చెప్పు. ఆ ఒక్క మాటతో ఇది చాడీ కాకుండా పోతుంది. మనవాళ్లలో తప్పును పెద్దవాళ్లకు చెప్పడం అంటే వెనక నుంచి వెళ్లి చెప్పడమే అనుకుంటారు. ఎదుటివాడికి ముందే చెప్పి, టైమ్ ఇచ్చి, అప్పుడు వెళ్లేది వేరే పని.

అతను కోపం తెచ్చుకోవచ్చు. ఏడవచ్చు. "నువ్వు ఎప్పుడు పెద్ద మేడమ్ అయ్యావు" అనవచ్చు. అన్నీ విను. విన్నాక ఒకటి అడుగు: ఎక్కడ ఆగిపోయావు? చాలాసార్లు కాపీ వెనక సోమరితనం కంటే భయమే ఎక్కువ ఉంటుంది. బ్యాక్‌లాగ్ చదువుకోవాలి, ప్లేస్‌మెంట్ ట్రెయినింగ్ ఉంది, మోడల్ ట్రెయిన్ చేస్తే ఎర్రర్ వచ్చింది, ఎవరినైనా అడిగితే చిన్నతనం. మన పల్లెల నుంచి వచ్చిన పిల్లల్లో ఇంకో భయం కూడా చూశాను. తాను చేసిన పనిని తెలుగులో గడగడా చెబుతారు, ఇంగ్లీషులో రాయమంటే చేయి ఆగిపోతుంది. తన వాక్యం చిన్నగా, బీదగా కనబడుతుంది. పక్కన ఐఈఈఈ (అంతర్జాతీయ ఇంజినీర్ల సంఘం) పేపర్‌లో వాక్యం గొప్పగా కనబడుతుంది. దాన్ని తీసి పెట్టేస్తారు. ఈ పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. ఎవరూ వాళ్లకు చిన్న వాక్యం చాలని చెప్పలేదు.

నువ్వు చెప్పు. ఇద్దరూ కూర్చోండి. అతను ఏం చేశాడో తెలుగులోనే చెప్పమను, నువ్వు రాసుకుంటూ పో. ఎన్ని ఫోటోలు, ఎన్ని ట్రెయినింగ్‌కి, ఎన్ని టెస్టింగ్‌కి, ఎక్కడ తప్పింది. తర్వాత ఒక్కో వాక్యాన్నీ ఎనిమిది పది పదాల ఇంగ్లీషు వాక్యంగా మార్చండి. రిజల్ట్స్ చాప్టర్‌కు అంతకంటే గొప్ప భాష అక్కర్లేదు.

కోడ్ సంగతి మీరు అనుకున్నంత చిక్కు కాదు. ఇంకొకరి కోడ్ మీద కట్టుకోవడం తప్పు కాదు, మన రంగమంతా అలాగే నడుస్తుంది. చెప్పకపోవడం తప్పు. ఆ రిపోలో లైసెన్స్ ఫైల్ ఉందేమో చూడు. ఎంఐటీ లైసెన్స్ ఉంటే దాని కాపీరైట్ నోటీసు అలాగే ఉంచి వాడుకోవచ్చు. జీపీఎల్ అయితే, మీరు మీ యాప్‌ను బయట పంచినప్పుడు సోర్స్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. లైసెన్సే లేకపోతే, అందరికీ కనబడుతోంది కదా అని తీసుకోవడానికి వీల్లేదు, ఆ విద్యార్థిని అడగాలి. ఇవాళే ఒక మెయిల్ రాయండి, జవాబు రావచ్చు. రాకపోతే ఆ భాగం మీరే రాసుకోండి. ముందే ట్రెయిన్ అయిన మోడల్‌ను మన ఫోటోలకు సర్దుకోవడం ఎలాగో ఇలాంటి మోడళ్లు కట్టే కెరాస్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లోనే మొదటి నుంచి చివరి వరకు ఉంది, మీ సైజు డేటాకు బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్ సరిపోతుంది. ఏది తీసుకున్నా మూడో చాప్టర్‌లో ఒక పేరా పెట్టండి: ఇంత భాగం ఫలానా చోటినుంచి, ఇంత భాగం మాది. ఈ పేరా ఉన్న రిపోర్ట్‌ను ఏ గైడూ తక్కువగా చూడరు.

మిగతా ఇద్దరికీ చెప్పాల్సిందే. అతనితో మాట్లాడిన రోజో మర్నాడో, వీలైతే అతని నోటితోనే. మైసూరు అమ్మాయి నీతో పాటు ఎండలో చేలంట తిరిగింది. ఆ ఫోటోలు పక్కన పెట్టి టమాటా ఫలితాలు పెట్టారని తెలుసుకునే హక్కు ఆమెకు నీకున్నంత ఉంది. కేరళ అబ్బాయి కూడా ఆ డిక్లరేషన్ మీదే సంతకం పెడతాడు. తెలుగువాళ్లంతా ఇంతే అనుకుంటారేమో అన్నావు. నాకు అర్థమైంది, బయటి ఊళ్లో చదివే పిల్లలకు ఆ బరువు ఉంటుంది. కానీ చూడు, మనవాడని ఇద్దరు తెలుగువాళ్లు గుట్టుగా ఉంచి, మిగతా ఇద్దరికీ వైవా గదిలో తెలిస్తే, అప్పుడు ఏమనుకుంటారు? ఇప్పుడు చెబితే తప్పు ఒకరిది, సరిదిద్దింది ఇంకొకరు. ఇద్దరూ తెలుగువాళ్లే.

గడువు దాటిపోతే గైడ్ దగ్గరికి వెళ్లినప్పుడు ఫిర్యాదులా మొదలుపెట్టకు. "మేడమ్, నాలుగో చాప్టర్ ఫలితాలు మా డేటా మీద వచ్చినవి కావు, నిన్ననే ఖాయమైంది, మళ్లీ రన్ చేయడానికి ఇన్ని రోజులు కావాలి" అని పని గురించి చెప్పు. ఎవరు రాశారని వాళ్లు అడుగుతారు. అబద్ధం చెప్పొద్దు, పెంచి చెప్పొద్దు. అదే విషయం ఆ సాయంత్రం చిన్న మెయిల్‌లో రాసి పంపు, నువ్వు చేసిన పని ఏదో కూడా నాలుగు వాక్యాల్లో పెట్టు. కొందరు గైడ్లు "ఇప్పుడెందుకమ్మా, సర్దుకోండి" అంటారు. అలా అంటే ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌నో హెచ్‌ఓడీనో కలువు, ఆ మెయిల్ నీ దగ్గర ఉంటుంది. ఎవరి వంతు ఏదో చూపించే పేజీ ఒకటి రిపోర్ట్‌లో పెట్టనివ్వమని అడుగు. వైవాలో ప్రశ్నలు ఎలాగూ ఒక్కొక్కరినీ విడిగా అడుగుతారు.

అతని ఉద్యోగం గురించి నీకున్న భయం నిజమైనదే. అందుకే ఈ పన్నెండు రోజులు ముఖ్యం. సబ్మిషన్‌కు ముందు బయటపడితే అది సరిచేయాల్సిన చాప్టర్. ఎవరి ఆఫర్ లెటరూ పోదు, నాలుగు రాత్రులు నిద్ర పోతుంది. సబ్మిషన్ తర్వాత ఎక్స్‌టర్నల్ పట్టుకుంటే అది క్రమశిక్షణ కేసు. ప్రాజెక్ట్ ఆగితే డిగ్రీ ఆగుతుంది, డిగ్రీ ఆగితే జాయినింగ్ ఆగుతుంది, మీ నలుగురికీ. మీ అమ్మకు ఇదే చెప్పు. నువ్వు మాట్లాడకపోతేనే అతని పొట్టకు ప్రమాదమని చెప్పు. అప్పటికీ ఆమెకు బెంగ తీరకపోతే, ఈ సంగతి అతని ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని మాత్రం మాట తీసుకో. ఇది కాలేజీలో మొదలైంది, కాలేజీలోనే తేలాలి. వాళ్ల నాన్నకు ఏమైనా తెలియాల్సి వస్తే చెప్పుకోవాల్సింది అతనే.